హైదరాబాదులో రక్తనాళ శస్త్రచికిత్స: ధమని ఉబ్బులు, సిరల వ్యాధుల చికిత్సా చరిత్ర

ధమనులు ఉబ్బినప్పుడు, సిరలు పాడైనప్పుడు కోతతో, కుట్టుతో, ఇటీవలి కాలంలో నాళం లోపలి నుంచే నడిపే ప్రక్రియలతో చేసే చికిత్సను రక్తనాళ శస్త్రచికిత్స అంటారు. గుండె నుంచి రక్తాన్ని తీసుకుపోయే ధమని గోడ ఒకచోట బలహీనపడి, మామూలు వ్యాసానికి ఒకటిన్నర రెట్లకు మించి సాగితే అది ధమని ఉబ్బు, అంటే వైద్యులు ఎన్యూరిజం అని పిలిచే వ్యాధి. గోడ మీద పడే బిగువు నాళపు వ్యాసంతో పాటు పెరుగుతుంది గనుక, ఒకసారి సాగిన ధమని తనంతట తాను సర్దుకోదు, పైగా ఎంత పెద్దదైతే అంత తొందరగా పగిలే ప్రమాదం ఉంటుంది. సిరల వ్యాధి దీనికి భిన్నమైనది. కాళ్ల నుంచి గుండెకు తిరిగి చేరవలసిన రక్తం కిందికి జారకుండా ఆపే కవాటాలు చెడిపోవడం వల్ల చర్మం కింది సిరలు మెలికలు తిరిగి పైకి తేలుతాయి. వేరికోస్ వెయిన్స్ అనే ఈ వ్యాధినే జనం కాలి నరాలు ఉబ్బడం అంటారు. మొదటిది ఒక్కసారిగా ప్రాణం తీస్తుంది. రెండోది ఏళ్ల తరబడి కాలి నొప్పిగా, మడమ పైన మానని పుండుగా మనిషిని పీడిస్తుంది.

ఈ చికిత్స హైదరాబాదులో ఎదిగిన తీరులో శస్త్రవైద్యుడి చేతి నేర్పు కన్నా, ఆ చేతికి సమయం ఇచ్చిన మత్తుమందు, చూపు ఇచ్చిన ఎక్స్‌రే, ఖర్చు భరించిన ప్రభుత్వ వ్యవస్థలు ఎక్కువ నిర్ణాయకమయ్యాయి. కోఠీ, అఫ్జల్‌గంజ్‌ల నుంచి కాచిగూడ, తార్నాకల మీదుగా పంజాగుట్ట వరకు ఆ చరిత్ర ఆనవాళ్లు కనిపిస్తాయి.

ప్రాచీన, మధ్యయుగ వైద్యాలు

సుశ్రుత సంహిత నిదానస్థానంలో సిరాజ గ్రంథి అనే వ్యాధి వర్ణన ఉంది. బలహీనుడు శక్తికి మించి శ్రమించినప్పుడు వాతం సిరలను నొక్కి, కుదించి, ఎండించి, గుండ్రంగా పైకి లేచిన గడ్డను పుట్టిస్తుందని, నొప్పి లేకుండా, కదలకుండా, పెద్దదై, మర్మస్థానంలో ఉన్న గడ్డ నయం కాదని అందులో చెప్పారు. ఆధునిక వ్యాఖ్యాతలలో కొందరు దీన్ని ధమని ఉబ్బుగా, మరికొందరు ఉబ్బిన సిరగా గుర్తించారు. అయితే ధమనిని, సిరను నేటి అర్థంలో వేరుచేసి చూడని కాలపు గ్రంథం నుంచి అంత కచ్చితమైన రోగనిర్ణయం రాబట్టడం అతి చొరవే అవుతుంది. గమనించదగిన విషయం మరొకటి ఉంది. నయం కానిదాని జోలికి పోవద్దన్న హెచ్చరిక ఈజిప్టులో క్రీస్తుపూర్వం 1550 ప్రాంతపు ఎబర్స్ పత్రంలోనూ కనిపిస్తుంది, అక్కడ కూడా పాములా మెలికలు తిరిగిన నాళాల ఉబ్బును కోయరాదన్నారు. రక్తనాళం మీద కత్తి పెట్టినవాడికి ఎదురయ్యే మొదటి శత్రువు రక్తస్రావమేనని రెండు నాగరికతలూ అనుభవంతో తెలుసుకున్నాయి.

అందువల్ల మన వైద్యంలో సిరావ్యధం, అంటే సిరను గుచ్చి రక్తం తీయడం, జలగలు పట్టించడం ప్రధాన ప్రక్రియలుగా నిలిచాయి. సుశ్రుతుడు ఈ రెండింటికీ విడివిడిగా అధ్యాయాలు కేటాయించాడు. రోమను ప్రపంచంలో మాత్రం ఆంటిల్లస్ అనే వైద్యుడు మరింత సాహసించి, ఉబ్బుకు పైన, కింద ధమనిని దారంతో కట్టి, మధ్యలోని సంచిని చీల్చి గడ్డకట్టిన రక్తాన్ని తీసివేసే పద్ధతిని వివరించాడు. కార్డోబాలో అబుల్ కాసిం అల్ జహ్రావీ ఉబ్బిన కాలి సిరలను అక్కడక్కడ చిన్న కోతలు పెట్టి లాగివేసే విధానాన్ని రాశాడు. ఈ అరబ్బు వైద్య సంప్రదాయమే యునానీగా దక్కనుకు చేరింది. యునానీ హకీములు ఉబ్బిన సిరలను దవాలీ అని, బోదకాలును దాఉల్ ఫీల్ అని వేర్వేరుగా గుర్తించేవారు. బోదకాలు విస్తారంగా ఉండిన తెలుగు దేశంలో ఈ తేడా చిన్నదేమీ కాదు, ఎందుకంటే వాచిన కాలును చూడగానే దోమ కాటు వల్ల వచ్చే ఫైలేరియా వాపా, సిరల వాపా అని తేల్చుకోవడమే వైద్యుడి మొదటి పని. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల నుంచి 1947లో వెలువడిన హెట్రజాన్ మందు మొదటి రకానికి పనికి వచ్చింది. రెండో రకానికి అటువంటి మాత్ర నేటికీ లేదు.

హంటర్ నుంచి లారీ వరకు

ఆధునిక చికిత్సకు మూలం 1785 డిసెంబరులో లండన్ సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో జాన్ హంటర్ చేసిన శస్త్రచికిత్స. ఒక బండి తోలేవాడికి మోకాలి వెనుక ధమని ఉబ్బింది. అప్పటి ఆచారం ప్రకారం కాలు తీసివేయాలి, లేదా సంచిని కోసి తెరవాలి. హంటర్ సంచి జోలికి పోకుండా, తొడ మధ్యలో ధమని ఆరోగ్యంగా ఉన్నచోట దారంతో కట్టాడు. పక్క కొమ్మల ద్వారా రక్తం దారి మళ్లి కాలు బతికింది, ఉబ్బు చిక్కిపోయింది. ఆయన శిష్యుడు ఆస్ట్లీ కూపర్ 1817లో ఏకంగా పొత్తికడుపులోని బృహద్ధమనినే కట్టాడు గాని, రోగి రెండు రోజులైనా బతకలేదు. కట్టడం ఒక్కటే మార్గంగా ఉన్నంత కాలం, పక్కదారులు లేని పెద్ద ధమనులకు శస్త్రచికిత్స సాధ్యం కాదని దీనితో తేలిపోయింది.

హైదరాబాదులో పాశ్చాత్య వైద్య విద్య 1846లో హైదరాబాదు మెడికల్ స్కూలుతో మొదలైంది. నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో, రెసిడెన్సీ వైద్యుడు విలియం కాంప్‌బెల్ మెక్‌లీన్ ఆధ్వర్యంలో ప్రారంభమైన ఈ పాఠశాలలో తొలి దశాబ్దాలలో బోధన ఉర్దూలోనే సాగింది. శవచ్ఛేదంతో శరీర నిర్మాణం నేర్చిన మొదటి తరం స్థానిక వైద్యులు ఇక్కడి నుంచే వచ్చారు. తరువాత ఈ సంస్థే ఉస్మానియా వైద్య కళాశాలగా ఎదిగి, కాచిగూడకు కూతవేటు దూరంలోని కోఠీలో స్థిరపడింది.

ఈ పాఠశాల పేరును ప్రపంచ వైద్య చరిత్రలో నిలిపినవాడు ఎడ్వర్డ్ లారీ. ఆయన ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ వద్ద చదువుకున్నాడు. సైమ్ ఆంటిల్లస్ పద్ధతిని పునరుద్ధరించి, చంకలోను, మెడలోను ఉన్న ధమని ఉబ్బులను నేరుగా తెరిచి కట్టడంలో యూరపు అంతటా పేరు పొందిన శస్త్రవైద్యుడు. అటువంటి శస్త్రచికిత్సకు కొద్ది నిమిషాల తొందర పని చాలదు, రోగి కదలకుండా ఉండాలి, వైద్యుడికి నాళాన్ని చుట్టుపక్కల నరాల నుంచి వేరు చేసే వ్యవధి కావాలి. ఆ వ్యవధిని ఇచ్చింది క్లోరోఫారం. అయితే క్లోరోఫారం గుండెను ఆపి చంపుతుందన్న భయం లండన్ వైద్యులలో ఉండగా, శ్వాసను కనిపెట్టుకుని ఉంటే గుండెకు ప్రమాదం లేదని సైమ్ శిష్యుడైన లారీ వాదించాడు. దాన్ని తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వ సహాయంతో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషను జంతువుల మీద ప్రయోగాలు చేసింది. లాన్సెట్ పత్రిక ఆ ఫలితాలను శంకించగా, నిజాం 1,000 పౌండ్లు ఇచ్చి ఆ పత్రిక ప్రతినిధినే పంపమని కోరాడు, 1889లో పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చి రెండో కమిషనులో పాల్గొన్నాడు. రెండో కమిషను కూడా లారీ పక్షానే తీర్పు చెప్పింది. ఈ ప్రయోగాల కాలంలో ఇక్కడ చదువుతూ మత్తుమందు ఇవ్వడంలో శిక్షణ పొందిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలిగా చెబుతారు.

లారీ నిర్ణయం శాస్త్రీయంగా నిలవలేదు. క్లోరోఫారం కొన్ని పరిస్థితులలో గుండె లయను తప్పించి హఠాత్తుగా చంపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు నిరూపించాయి. కాని శ్వాసను క్షణక్షణం గమనించాలన్న హైదరాబాదు పద్ధతి మాత్రం తప్పు కాలేదు. ఒక సంస్థానపు ఖజానా వైద్య పరిశోధనకు డబ్బు పెట్టి, ప్రత్యర్థినే సాక్షిగా పిలిపించుకున్న ఉదంతం ఆ కాలానికి అరుదైనదే.

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని తుడిచిపెట్టింది. దాని స్థానంలో విన్సెంట్ ఎష్ రూపకల్పనలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కట్టించిన ఉస్మానియా ఆసుపత్రి 1925 నాటికి పూర్తయింది. తరువాతి అర్ధ శతాబ్దం పాటు తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన రక్తనాళ గాయాలకు, ఉబ్బులకు, కాలి పుండ్లకు సాధారణ శస్త్రచికిత్స విభాగమే దిక్కు. రక్తనాళాలకంటూ వేరే విభాగం అప్పటికి ఏర్పడలేదు.

కుట్టు, అతుకు, బొమ్మ

హంటర్ కట్టుతో ఆగిపోయిన మార్గాన్ని తెరిచింది నాళాన్ని తిరిగి కుట్టే విద్య. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో రుడాల్ఫ్ మాటస్ 1888లో, తుపాకీ గుండు గాయం తరువాత ఉబ్బిన చేతి ధమనిని తెరిచి, లోపలి నుంచే నోళ్లు కుట్టి మూశాడు. ఫ్రాన్సుకు చెందిన అలెక్సిస్ కారెల్ 1902లో రెండు నాళాల చివరలను మూడు ఆధార కుట్లతో త్రికోణంగా సాగదీసి కలిపే పద్ధతిని ప్రకటించి, ఆ కృషికి 1912లో నోబెల్ బహుమతి పొందాడు. రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ 1916లో కనిపించింది. ఇవన్నీ కలిసిన తరువాతనే 1951 మార్చి 29న పారిస్‌లో చార్లెస్ డ్యూబోస్ట్ పొత్తికడుపు బృహద్ధమని ఉబ్బును తీసివేసి, మరణించిన మరొకరి ధమనిని అతికించగలిగాడు. మరుసటి సంవత్సరం ఆర్థర్ వూర్‌హీస్ కృత్రిమ వస్త్రంతో నాళం చేయవచ్చని చూపాడు, మైకేల్ డిబేకీ డాక్రాన్ గొట్టాలను వాడుకలోకి తెచ్చాడు. అంతకు ముందు వైద్యం ఎంత నిస్సహాయంగా ఉండేదో చెప్పడానికి ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ చరిత్ర చాలు. 1948 చివర రుడాల్ఫ్ నిస్సెన్ ఆయన ఉబ్బిన బృహద్ధమని చుట్టూ సెల్లోఫేన్ చుట్టి కొన్నేళ్లు నిలబెట్టాడు, 1955 ఏప్రిల్‌లో అది పగిలినప్పుడు ఐన్‌స్టీన్ మరో శస్త్రచికిత్సకు ఒప్పుకోలేదు.

మెదడు ధమనుల ఉబ్బుల చికిత్స వేరే దారిలో నడిచింది. 1937లో వాల్టర్ డాండీ ఉబ్బు మెడకు వెండి క్లిప్పు పెట్టాడు. 1990 తరువాత గుగ్లీల్మీ రూపొందించిన ప్లాటినం చుట్టలను తొడ ధమని గుండా పంపి ఉబ్బును లోపలే నింపే పద్ధతి వచ్చింది. తలనొప్పులలో కెల్లా తీవ్రమైన, పిడుగు పడ్డట్టు వచ్చే తలనొప్పిని నిర్లక్ష్యం చేయవద్దని న్యూరోసర్జన్లు చెప్పడానికి కారణం ఈ ఉబ్బులే.

నాళాలను కుట్టే ఈ విద్య హైదరాబాదుకు రావాలంటే ముందుగా నాళాల లోపలికి చూపు కావలసి వచ్చింది. నాళంలోకి ఎక్స్‌రేకు కనిపించే ద్రవాన్ని ఎక్కించి బొమ్మ తీసే యాంజియోగ్రఫీని 1927లో పోర్చుగల్‌లో ఎగాస్ మోనిజ్ మెదడుకు, 1929లో డాస్ శాంటాస్ బృహద్ధమనికి ప్రవేశపెట్టారు. సూది గుండా తీగ, తీగ మీదుగా గొట్టం పంపే సురక్షితమైన పద్ధతిని స్వీడన్‌కు చెందిన సెల్డింగర్ 1953లో ప్రకటించాడు. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో 1925లో పుట్టిన కాకర్ల సుబ్బారావు అమెరికాలో రేడియాలజీ నేర్చి, 1956లో ఉస్మానియా వైద్య కళాశాలలో ప్రధాన రేడియాలజిస్టుగా చేరారు. 1970లో తిరిగి అమెరికా వెళ్లిన ఆయన ఎన్.టి. రామారావు ప్రభుత్వ కోరిక మీద హైదరాబాదుకు వచ్చి, పంజాగుట్టలోని నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిని నిజాం వైద్య విజ్ఞాన సంస్థగా, అంటే నిమ్స్‌గా మలచడంలో తొలి డైరెక్టరుగా ముఖ్యపాత్ర వహించారు. 1989 చట్టంతో నిమ్స్‌కు విశ్వవిద్యాలయ ప్రతిపత్తి వచ్చింది. ఒక శస్త్రవైద్యుడు కాకుండా ఒక రేడియాలజిస్టు ఈ సంస్థకు రూపం ఇవ్వడం రక్తనాళ చికిత్సకు కలిసివచ్చిందనే చెప్పాలి, ఎందుకంటే ఈ శాఖలో కత్తి ఎక్కడ పెట్టాలో చెప్పేది బొమ్మే.

నిమ్స్‌లో రక్తనాళ శస్త్రచికిత్స ప్రత్యేక విభాగంగా ఏర్పడి, ఎం.సీహెచ్. స్థాయి శిక్షణ ఇచ్చే కేంద్రంగా ఎదిగింది. ఈ విభాగానికి చాలాకాలం అధిపతిగా ఉన్న పింజల రామకృష్ణ ఈ శాఖను తెలుగు రాష్ట్రాలలో నిలదొక్కుకునేలా చేసినవారిలో ముఖ్యులు. ఇక్కడికి వచ్చే రోగుల తీరు పాశ్చాత్య పుస్తకాల తీరుకు అచ్చంగా సరిపోదు. అక్కడ పొగతాగే వృద్ధులలో కనిపించే పొత్తికడుపు ఉబ్బులు ప్రధానమైతే, ఇక్కడ వాటితో పాటు యువతులలో బృహద్ధమని గోడ వాచి, కొన్నిచోట్ల ఇరుకై మరికొన్నిచోట్ల ఉబ్బే తకయాసు వ్యాధి, ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చే ఉబ్బులు కూడా లెక్కలోకి వస్తాయి. వీటికి తోడు మూత్రపిండాల వ్యాధి తెచ్చిన కొత్త రకం ఉంది. డయాలిసిస్ కోసం చేతిలో ధమనిని, సిరను కలిపి చేసే ఫిస్టులా, వారానికి రెండు మూడు సార్లు సూదులు గుచ్చడంతో కాలక్రమేణా ఉబ్బుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి విస్తరించిన తరువాత తెలుగు శస్త్రవైద్యులకు ఈ పని బాగా పెరిగింది.

కాచిగూడ, తార్నాక: నిలబడి చేసే పనులు

సిరల వ్యాధి చరిత్ర ధమనుల చరిత్ర అంత నాటకీయమైనది కాదు గాని, కార్మికుల నగరమైన హైదరాబాదుకు అదే దగ్గరిది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 1916లో కట్టిన కాచిగూడ స్టేషను, 1893లో మొదలైన లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, దాని సమీపంలోని రైల్వే ఆసుపత్రి ఒకే నిజాం రైల్వే వ్యవస్థలోని భాగాలు. 1932లో 27 బస్సులతో మొదలైన నిజాం రోడ్డు రవాణా శాఖ కూడా ఆ రైల్వేకు అనుబంధంగానే పుట్టింది. దాని వారసత్వంగా వచ్చిన ఆర్టీసీ తన సిబ్బంది కోసం తార్నాకలో సొంత ఆసుపత్రి నడుపుతోంది. గేటు దగ్గర, వర్క్‌షాపు యంత్రం ముందు, కిక్కిరిసిన బస్సులో గంటల తరబడి నిలబడే మనుషులకు వైద్యం చేసే ఆసుపత్రులివి. నడిచేటప్పుడు పిక్క కండరం సిరలను పిండి రక్తాన్ని పైకి నెడుతుంది, కదలకుండా నిలబడితే ఆ పంపు ఆగి, రక్తపు బరువంతా చీలమండ మీద పడుతుంది. కండక్టర్లతో పాటు ట్రాఫిక్ పోలీసులు, ఉపాధ్యాయులు, హోటళ్ల వంటవాళ్లు, క్షురకులు ఈ కోవలోకే వస్తారు.

రైల్వే ఉద్యోగుల మీదే జరిగిన ఒక అధ్యయనం ప్రపంచ వైద్య సాహిత్యంలో చర్చకు వచ్చింది. రైల్వే వైద్యాధికారి ఎస్.ఎల్. మల్హోత్రా 1972లో ప్రచురించిన ఆ పరిశీలనలో, ఒకే విధమైన పని చేసేవారిలో దక్షిణాది కార్మికులలో దాదాపు నాలుగో వంతు మందికి ఉబ్బిన సిరలుండగా, ఉత్తరాదివారిలో ఆ వంతు 7 శాతం లోపే ఉంది. ఆయన ఆ తేడాకు ఆహారంలోని పీచును కారణంగా చూపాడు, అదే కాలంలో డెనిస్ బర్కిట్ కూడా మలబద్ధకం వల్ల సిరల మీద ఒత్తిడి పెరుగుతుందని వాదించాడు. ఆహార వాదానికి తరువాత గట్టి ఆధారాలు దొరకలేదు. వంశపారంపర్యం, గర్భధారణ, నిలబడి చేసే పని నేటికీ ముఖ్య కారణాలుగా నిలిచాయి.

చికిత్స విషయానికి వస్తే, 1891లో జర్మనీకి చెందిన ట్రెండెలెన్‌బర్గ్ తొడలోని పెద్ద సఫీనస్ సిరను కట్టివేయడంతో ఆధునిక పద్ధతి మొదలైంది. 1905 నుంచి 1907 మధ్య అమెరికాలో కెల్లర్, మేయో, బాబ్‌కాక్ ఒకరి తరువాత ఒకరు సిరను మొత్తంగా లాగివేసే పరికరాలు తెచ్చారు. బాబ్‌కాక్ తీగను సిరలో దూర్చి, పై చివర కట్టి, కిందికో పైకో లాగే ఈ స్ట్రిప్పింగ్ దాదాపు ఒక శతాబ్దం పాటు హైదరాబాదు ఆసుపత్రులతో సహా అన్నిచోట్లా ప్రామాణిక చికిత్సగా ఉంది. రోగికి వెన్నులో మత్తు ఇచ్చేవారు, కాలంతా కమిలేది, వారాల తరబడి పనికి సెలవు తప్పేది కాదు. రోజు కూలి మీద బతికేవాడు పుండు పడేదాకా ఆసుపత్రికి రాకపోవడానికి ఇదొక కారణం.

డాప్లర్ అల్ట్రాసౌండ్ వచ్చిన తరువాత ఈ పరిస్థితి మారింది. రక్తం ఏ దిశలో పారుతోందో, ఏ కవాటం చెడిందో, లోపలి సిరల్లో గడ్డలున్నాయో చర్మం మీది నుంచే తెలిసిపోతుంది. 2000 ప్రాంతంలో రేడియో తరంగాల వేడితోను, లేజరుతోను సిరను లోపలి నుంచే మూసివేసే పద్ధతులు వచ్చాయి. తెస్సారి నురుగు పద్ధతిలో మందును గాలితో కలిపి చిన్న సిరల్లోకి ఎక్కిస్తారు. ఇవి స్థానిక మత్తుతోనే జరుగుతాయి, రోగి అదే రోజు నడిచి ఇంటికి పోవచ్చు. సిర మీద కోత తగ్గిన కాలంలోనే ధమనులలోనూ అదే జరిగింది. ఉక్రెయిన్‌లో వోలోదోస్ 1987లోను, అర్జెంటీనాలో పరోదీ 1990లోను తొడ ధమని గుండా వస్త్రం తొడిగిన స్టెంటును పంపి ఉబ్బును లోపలి నుంచి మూశారు. హైదరాబాదు స్టెంటు తయారీలో కూడా అడుగుపెట్టింది. రక్షణ పరిశోధనా సంస్థకు చెందిన ఎ.పి.జె. అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణుడు బి. సోమరాజు కలిసి 1998లో తెచ్చిన కలాం–రాజు స్టెంటు గుండె ధమనుల కోసం చేసినదే అయినా, విదేశీ ధరల పట్టును సడలించవచ్చని చూపింది. బృహద్ధమని స్టెంట్ గ్రాఫ్టు మాత్రం నేటికీ చాలా ఖరీదైన వస్తువే.

ఖర్చు, అందుబాటు

2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాలతో మొదలై, త్వరలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటికీ విస్తరించిన ఆరోగ్యశ్రీ పథకం ధమని ఉబ్బుల శస్త్రచికిత్సలను తన జాబితాలో చేర్చింది. దీనితో బృహద్ధమని శస్త్రచికిత్స డబ్బున్నవారి సొత్తు కాకుండా పోయింది. అయినా ఉబ్బును ముందుగా కనిపెట్టే పని వెనుకబడే ఉంది. పొత్తికడుపు బృహద్ధమని మామూలు వ్యాసం 2 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, అది 3 దాటితే ఉబ్బుగా పరిగణిస్తారు, పురుషులలో 5.5, స్త్రీలలో 5 సెంటీమీటర్లు దాటితే శస్త్రచికిత్స సలహా ఇస్తారు. ఇతర కారణాలకు తీసిన అల్ట్రాసౌండులో యాదృచ్ఛికంగా ఉబ్బు బయటపడినవారిలో ఎక్కువమంది బతికి బయటపడతారు, పగిలిన తరువాత వచ్చినవారిలో చాలామంది ఆసుపత్రి చేరకముందే మరణిస్తారు. పొగాకు అలవాటు ఉండి, వయసు 65 దాటిన పురుషులు ఒక్కసారైనా పొత్తికడుపు స్కాను చేయించుకోవాలన్న సలహా అందుకే వచ్చింది.

సిరల విషయంలో చిక్కు మరో రకానిది. లేజరు క్లినిక్కులు నగరంలో విరివిగా వెలిసి, ప్రకటనలు పెరిగిన కొద్దీ, లోపలి సిరలలో గడ్డ ఉన్న కాలికి కూడా పైసిరలను మూసివేసే పొరపాటుకు అవకాశం పెరిగింది. అటువంటి కాలిలో రక్తం తిరిగి వెళ్లేందుకు ఆ పైసిరలే మిగిలిన దారి కావచ్చు. డాప్లర్ పరీక్ష చేయకుండా సిరకు లేజరు గాని, శస్త్రచికిత్స గాని చేయించుకోవడం నేటి వైద్య ప్రమాణాలకు విరుద్ధం.